యుకులేలే బేస్‌లో అంత లావు సౌండ్ ఎక్కణ్ణించి వస్తుంది?

మొదటిసారి యుకులేలే బేస్ (యుకులేలే అనే బుల్లి గిటార్ సైజులో ఉండే బేస్ గిటార్) చేతిలోకి తీసుకున్నప్పుడు ఇది పిల్లల బొమ్మ అనే అనుకున్నా. మామూలు గిటార్ కంటే చిన్నది, తీగలేమో నల్లగా లావుగా రబ్బరు తాళ్లలా ఉన్నాయి, మా ఇంట్లో అయితే బట్టలారేసే తాడు కట్టావేంట్రా అన్నారు. తీరా యాంప్‌కి తగిలించి మీటితే గుమ్మని డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) లాంటి సౌండ్.

లెక్క ప్రకారం ఇది కుదరకూడదు మరి. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ఎలక్ట్రిక్ బేస్‌లో తీగ మోగే పొడుగు 34 అంగుళాలు, అన్నిటికంటే కింది స్వరం 'E' 41 హెర్ట్జ్ (సెకనుకి 41 ఊపులు). కాలా అనే కంపెనీ చేసే యుకులేలే బేస్, యూ-బేస్‌లో ఆ పొడుగు 21 అంగుళాలే, కానీ స్వరం మాత్రం అదే 41. తీగ పొట్టిదైతే స్వరం పైకి పోవాలి కదా, పోకుండా ఆపాలంటే రెండే దార్లు, బిగువు తగ్గించాలి లేదా తీగ బరువు పెంచాలి (1636 ప్రాంతంలోనే మెర్సెన్ అనే ఫ్రెంచ్ ఫాదరీ రాసిపెట్టిన లెక్క ఇది). అదే స్టీల్ తీగ వేసి బిగువు తగ్గిద్దామంటే 34లో ఉన్న బిగువులో 38 శాతమే మిగుల్తుంది, అంటే వేలాడిపోతుంది. పోనీ ఇంకా లావు స్టీల్ వేద్దామంటే అంత పొట్టి పొడుగులో అది తీగలా కాకుండా ఊచలా ప్రవర్తిస్తుంది, పై హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటే మోగే దాని రెండింతలు, మూడింతల స్వరాలు) ఉండాల్సిన చోటు కంటే పైకి జరిగి సౌండ్ డబ్బా కొట్టినట్టు వస్తుంది.

అందుకే రబ్బరు లాంటి పాలీయురేథేన్. ఎంత లావైనా మెత్తగా వంగుతుంది, లావు వల్ల బరువు వస్తుంది, మెత్తదనం వల్ల హార్మోనిక్స్ చెడవు. ఈ ఐడియా యూ-బేస్ కంటే ముందుదే, 1980ల్లోనే యాష్‌బరీ అని 18 అంగుళాల బేస్ సిలికాన్ తీగలతో వచ్చింది, వేళ్లు అతుక్కుపోతున్నాయని వాయించేవాళ్లు టాల్కం పౌడర్ రాసుకునేవాళ్లు.

తీగ సంగతి సరే, మరి పెట్టె? 41 హెర్ట్జ్ అల గాల్లో 8 మీటర్ల పైన పొడుగుంటుంది, ఈ జానెడున్నర పెట్టె దాన్ని బయటికి తోయడమంటే చిన్న విసనకర్రతో హాలంతా గాలి విసరడం లాంటిది, గాలి అంచుల పక్కనుంచి జారిపోతుంది. కాబట్టి యాంప్ లేకుండా వాయిస్తే 41 దాదాపు బయటికి రాదు. వచ్చేవి దాని హార్మోనిక్స్ 82, 123, 165... వీటి మధ్య ఎడం 41 కాబట్టి మన బుర్ర ఓహో కింద 41 ఉందన్నమాట అని తనే పూరించుకుంటుంది. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ 300 హెర్ట్జ్ కింద ఏమీ పంపేది కాదు, అయినా నాన్న గొంతు నాన్న గొంతులాగే బరువుగా వినిపించేది, అదీ ఇదే తంతు.

ఇది పట్టుకుంటే సెటప్‌లో సగం గోల తీరుతుంది. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి కింది E తీగ మీటితే నాకు సూది పిచ్చిపట్టినట్టు ఊగేది, పాపం దాని చిన్న మైక్‌కి 41 అందితే కదా. 12వ మెట్టు (ఫ్రెట్) మీద తీగని నొక్కకుండా ఊరికే తాకి మీటండి, 82 మోగుతుంది, అది పట్టుకుంటుంది. కొత్త తీగలు వేశాక మాత్రం ఓపిక కావాలి, రాత్రి సరిచేసి పడుకుంటే పొద్దున్నే ఒక స్వరం కిందికి జారిపోయి ఉంటాయి, కొన్ని రోజుల పాటు సాగుతూనే ఉంటాయి.

వీణకైతే మెట్లు మైనం మీద ఉంటాయి, తేడా వస్తే కరిగించి జరుపుతారు. ఇక్కడ మెట్లు బిగిసిపోయి ఉంటాయి కాబట్టి 12వ మెట్టు నొక్కినప్పటి స్వరం, తాకినప్పటి స్వరం కలవకపోతే బ్రిడ్జి (పెట్టె మీద తీగలు కట్టే చెక్క) మీద తీగలు ఆనే సాడిల్‌నే సరిచేయాలి. రబ్బరు తీగ వెడల్పుగా ఊగుతుంది కాబట్టి మెట్లకి మరీ దగ్గరగా దించకండి, బరబరలాడుతుంది.

సాడిల్ కింద పియెజో పట్టీ ఉంటుంది, నొక్కుడుని కరెంటుగా మార్చేది అదే. నా దాంట్లో జి తీగ ఎంతకీ వినిపించేది కాదు, పికప్ పోయిందనుకుని బెంగపడ్డా, విప్పి చూస్తే సాడిల్ కింద చిన్న చెక్క పొట్టు! అడుగు చదునుగా ఆనకపోతే అంతే. ఇంకోటి, ప్రీయాంప్ (పికప్ సిగ్నల్‌ని ముందే సరిచేసే చిన్న సర్క్యూట్) లేని మోడల్‌ని నేరుగా మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కి పెడితే బేస్ అంతా ఎగిరిపోతుంది, పియెజోకి మెగా ఓమ్‌లలో ఇంపిడెన్స్ (కరెంటుకి అడ్డు) ఉన్న ఇన్‌పుట్ కావాలి, లేకపోతే ముందు పోయేది కింది స్వరాలే.

మీటే చోటు గురించి అందరూ చెప్పేది, మెట్లు అయిపోయే చోట బొటనవేలి కండతో మీటితే లావుగా వస్తుందని. యాంప్ ఉంటే నిజమే. ఇంట్లో ఒట్టి చేత్తో వాయించేటప్పుడు మాత్రం చెయ్యి కాస్త బ్రిడ్జి వైపు జరిపి చూడండి, అక్కడ 82, 123 ఎక్కువగా పుడతాయి, ఆ పెట్టె బయటికి పంపగలిగేవి అవే కాబట్టి పక్క గదిలో వాళ్లకి కూడా ఏ స్వరమో తెలుస్తుంది.