తప్పు కట్టమనేవాళ్ల ముందు 1837 నాటి ఒక లెక్క

ఒడిశా గంజాం జిల్లాలోని బరంపురం, ఛత్రపురం చుట్టుపక్కల తెలుగు ఊళ్లలో పాత గొడవే మళ్లీ రాజుకుంది. మొగుడు సూరత్ మరమగ్గాల్లో ఉంటాడు, పెళ్లాం ఇక్కడ. ఎవరితోనో మాట్లాడిందని పుకారు లేస్తుంది. పెద్దమనుషులు కూర్చుని తప్పు, అంటే జరిమానా, కట్టమంటారు. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసిన 497 సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 27న కొట్టేసింది తెలిసిందే. అప్పటినుంచే భయం పోయిందని పెద్దల వాదన. 2023లో హోంశాఖ పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా, ఆడా మగా ఇద్దరికీ వర్తించేలా ఆ నేరాన్ని తిరిగి పెట్టమంది. ప్రభుత్వం పెట్టలేదు.

భయం ఉంటే కాపురం నిలబడుతుంది, పిల్లలు రోడ్డున పడరు అంటారు పెద్దలు. ఈ మాటను తీసిపారేయలేం. ఇందులో పాపపుణ్యాల ఊసు లేదు, ఉన్నది మంచిచెడ్డల లెక్కే. ఇంగ్లిష్ తత్వవేత్త జెరెమీ బెంథామ్ ఉపయోగితావాదం అడిగేదీ అదే: ఈ పనివల్ల ఎవరికి ఎంత బాధ? శిక్ష వేస్తే అది తగ్గుతుందా?

మన దేశంలో ఆ లెక్క ఒకసారి నిజంగానే వేశారు. బెంథామ్ ఆలోచనల ప్రభావం బాగా ఉన్న బ్రిటిష్ కాలపు మెకాలే లా కమిషన్, 1837 శిక్షాస్మృతి ముసాయిదా కోసం మూడు ప్రెసిడెన్సీల నుంచీ వివరాలు తెప్పించింది. గంజాం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. తేలిందేమిటంటే, అప్పటికున్న శిక్షల వల్ల పెద్దింటి మొగుళ్లు చట్టాన్ని చేతుల్లోకి తీసుకోవడం ఆగలేదు. వాళ్లు కోర్టు గడప తొక్కరు. తొక్కేది పేదవాళ్లు. వాళ్ల ఫిర్యాదంతా ఇంటి చాకిరీ చేసే మనిషి పోయిందని, ఆమెను తిరిగి పంపించమని. శిక్షతో ఒరిగేదేమీ లేదని కమిషన్ వివాహేతర సంబంధాన్ని నేరాల్లో చేర్చలేదు. పసితనంలో పెళ్లి చేసి, వయసులో ఉండగానే సవతుల కోసం పక్కన పెట్టేసే చోట, భార్యను శిక్షించే ముందు మనసున్నవాడు ఒక్క క్షణం ఆగుతాడని కూడా రాసింది.

నా దృష్టిలో అంతా తేలిపోయింది ఆ తర్వాతే. తర్వాతి లా కమిషన్ ఈ నిర్ణయాన్ని తిప్పేసింది. 1860 శిక్షాస్మృతిలో 497 వచ్చింది. శిక్ష పరాయి మగవాడికే, భార్యకు లేదు, కానీ మొగుడు ఒప్పుకుంటే అసలు నేరమే లేదు! ఆమె బాధ ఎవరికీ పట్టలేదు, పరాయి సొత్తు ముట్టుకున్నాడా లేదా అన్నదే మిగిలింది.

మెకాలే కమిషన్‌దీ పూర్తి న్యాయం కాదు. స్వలింగ సంబంధాల దగ్గరకొచ్చేసరికి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిదని లెక్క వేయడమే మానేసింది. అందులో ఎవరికీ హాని లేదని బెంథామ్ 1785 ప్రాంతంలోనే రాసి దాచుకున్నాడు. అది అచ్చయింది 1978లో.

497 పోయినా దాని తోబుట్టువు 498 పోలేదు. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 84వ సెక్షన్‌గా కూర్చుంది. పరాయివాడి భార్యను దురుద్దేశంతో మభ్యపెట్టి తీసుకుపోతే రెండేళ్ల వరకు జైలు. బాధితుడిగా చట్టం గుర్తించేది మొగుణ్ణే. ఆ మొగుడే సూరత్‌లో పెళ్లి లేకుండా మరో కాపురం పెడితే, ఇక్కడున్న ఆమె చేతిలో అలాంటి సెక్షన్ ఏదీ లేదు. భరణం కోసం కోర్టు చుట్టూ తిరగాలి. ఆ మొగుడి చేత తప్పు కట్టించిన పంచాయితీని నేనింతవరకూ చూడలేదు.