పసిపిల్లల బొటులిజం: తేనె ఒక్కటే కారణం కాదు

బొటులిజం అంటే ఒక బ్యాక్టీరియా విషం వల్ల కండరాలు చచ్చుబడే జబ్బు. దాని భయంతోనే ఏడాది నిండని బిడ్డకు తేనె వద్దని చెప్పగానే, "ఒక్క చుక్కకే ఏమవుతుంది డాక్టర్‌గారూ?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వెనకున్న అపోహలు ఇవి.

అపోహ: స్వచ్ఛమైన తేనె అయితే ఫర్వాలేదు. కాస్త కాచి పెడితే ఇంకా మంచిది.

వాస్తవం: స్వచ్ఛతకూ దీనికీ సంబంధం లేదు. క్లాస్ట్రీడియం బొటులినమ్ అనే బ్యాక్టీరియా మట్టిలో, దుమ్ములో స్పోర్ల (గట్టి విత్తనాల్లాంటివి) రూపంలో నిద్రాణంగా ఉంటుంది. తేనెలోకీ చేరగలదు. మరిగించినా ఈ స్పోర్లు చావవు. వాటిని చంపడానికి ప్రెషర్‌లో 121 డిగ్రీల సెల్సియస్ వేడి వాడతారు. కాబట్టి పాశ్చరైజ్ చేసిన తేనె కూడా వద్దు. మందులో కలిపినా, పాలపీకకు రాసినా అంతే.

అపోహ: మేం రోజూ తింటున్నాం, మాకేం కాలేదు కదా!

వాస్తవం: పెద్దల పేగుల్లో స్థిరపడిన మంచి బ్యాక్టీరియా స్పోర్లను మొలకెత్తనివ్వదు. పసివాళ్లకు ఆ రక్షణ ఇంకా ఏర్పడదు. పేగులోనే స్పోర్లు మొలకెత్తి, విషం తయారై, నరాల నుంచి కండరాలకు అందాల్సిన సంకేతాన్ని ఆపేస్తుంది. ఎక్కువ కేసులు ఆరు నెలల లోపు పిల్లల్లోనే. తల్లి తేనె తింటే మాత్రం టెన్షన్ పడక్కర్లేదు, పాలు మానక్కర్లేదు.

అపోహ: తేనె పెట్టలేదు కాబట్టి ఇది బొటులిజం కాదు.

వాస్తవం: నన్నడిగితే అన్నిట్లోకీ ప్రమాదకరమైన అపోహ ఇదే. మా డాక్టర్లలోనూ ఉంది. 1976లో ఈ జబ్బును గుర్తించినప్పటి నుంచి చూస్తే, తేనె అసలు ముట్టని పిల్లలే ఎక్కువ. గాలిలో లేచిన దుమ్ముతోనూ స్పోర్లు లోపలికి వెళ్లగలవు. దుమ్మును పూర్తిగా ఆపడం ఎవరి వల్లా కాదు. మన చేతిలో ఉన్నది తేనె మానడమే. అందుకే దానిమీద అంత పట్టు.

అపోహ: జ్వరం లేదు, విరోచనం కాలేదంతే. రెండు రోజులు చూద్దాం.

వాస్తవం: ఇందులో సాధారణంగా జ్వరం రాదు. మలబద్ధకమే మొదటి లక్షణం కావచ్చు. తల్లిపాలు తాగే బిడ్డకు కొన్ని రోజులు విరోచనం కాకపోవడం మామూలే, కాబట్టి అదొక్కటే చూసి కంగారుపడక్కర్లేదు. దాంతోపాటు బిడ్డ మెత్తబడితేనే అసలు సంగతి. పాలు చప్పరించే బలం తగ్గుతుంది, మింగలేని పాలు పెదవి చివర నుంచి కారతాయి, ఏడుపు సన్నబడుతుంది. రెప్పలు వాలతాయి, మెడ నిలవదు, ముఖంలో కదలిక ఉండదు. టార్చ్ వెలుగు మళ్లీ మళ్లీ వేస్తుంటే కంటిపాప స్పందన క్రమంగా మందగిస్తుంది. ఈ స్థితిలో ఇంటి చిట్కాలొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. శ్వాస కండరాలూ బలహీనపడొచ్చు.

అపోహ: యాంటీబయాటిక్ ఇస్తే తగ్గుతుంది.

వాస్తవం: అది విషాన్ని విరవదు. పైగా జెంటామైసిన్ లాంటివి కండరాల బలహీనతను ఇంకా పెంచుతాయి. దీనికి మందు యాంటీటాక్సిన్, అంటే విషాన్ని విరిచే మందు. అనుమానం బలంగా ఉంటే మలపరీక్ష ఫలితం కోసం ఆగకుండా మొదలుపెట్టాలి. అప్పటికే నరాలను పట్టేసిన విషాన్ని అది వదిలించలేదు, అందుకే ఈ తొందర. నరాల కొసలు మళ్లీ పెరగడానికి వారాలు పడుతుంది. అంతవరకు శ్వాసను, ఆహారాన్ని కాపాడుకోగలిగితే చాలామంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు.