ఆ బొగ్గుల పెట్టె ఎవరి గదిలో ఉంది? ‘క్రిస్మస్ కరోల్’ పరీక్షపై అపోహలు, వాస్తవాలు

ఇంగ్లండ్‌లోని ఒక సెకండరీ పాఠశాలలో పదకొండేళ్లుగా ఆంగ్ల సాహిత్యం చెబుతున్నాను. ఏటా మార్చి వచ్చేసరికి తెలిసిన తెలుగు కుటుంబాల నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఇక్కడ పదహారేళ్ల వయసులో పిల్లలు రాసే జీసీఎస్ఈ పరీక్షలు మే నెలలో. లెక్కల్లో, సైన్సులో చురుగ్గా ఉన్న పిల్లలు చార్లెస్ డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ కరోల్’ దగ్గరకు వచ్చేసరికి తడబడుతున్నారని తల్లిదండ్రుల దిగులు. ఆ దిగులులో చాలా భాగం అపోహల వల్ల వచ్చిందే.

పరీక్ష బోర్డును బట్టి ప్రశ్నపత్రం తీరు మారుతుంది. నేను చెప్పేది ఏక్యూఏ అనే బోర్డు పద్ధతి. మొదటి పేపరుకు 1 గంట 45 నిమిషాలు. అందులో షేక్‌స్పియర్ మీద ఒక వ్యాసం, 19వ శతాబ్దపు నవల మీద ఒక వ్యాసం రాయాలి. నవలకు 30 మార్కులు. పుస్తకం లోపలికి తీసుకెళ్లనివ్వరు కానీ, నవలలోని ఒక భాగాన్ని ప్రశ్నతో పాటే అచ్చు వేసి ఇస్తారు. అక్కడ మొదలుపెట్టి మొత్తం నవల మీదికి వెళ్లాలి.

అపోహ: యాభై కొటేషన్లు కంఠతా పడితేనే మంచి గ్రేడు వస్తుంది.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం పిల్లలకు చేస్తున్నంత నష్టం ఇంకేదీ చేయడం లేదు. యాభై వాక్యాలు బట్టీపట్టిన పిల్లవాడు పరీక్ష హాలులో వాటిని ఎక్కడ దించుకోవాలా అని చూస్తాడు గానీ, అడిగిన ప్రశ్న చదవడు. ఎన్ని కొటేషన్లు రాశారని లెక్కపెట్టి మార్కులు వేసే పద్ధతి ఎక్కడా లేదు. పుస్తకంలోని ఒక చిన్న వస్తువును పట్టుకుని చివరి దాకా వెంబడించడం వస్తే, పది పన్నెండు చిన్న మాటలు గుర్తున్నా చాలు.

కథ క్లుప్తంగా ఇది: పిసినారి వ్యాపారి స్క్రూజ్‌కు క్రిస్మస్ ముందు రాత్రి మూడు ఆత్మలు వచ్చి అతని గతం, వర్తమానం, భవిష్యత్తు చూపిస్తాయి, దాంతో అతను మారతాడు. అందులో నేను పిల్లలకు మొదట చూపించేది బొగ్గు. మొదటి అధ్యాయంలో స్క్రూజ్ గుమస్తా బాబ్ క్రాచిట్ గది ఉంది. స్క్రూజ్ గదిలో మంటే చిన్నది. బాబ్ గదిలోది ఇంకా ఎంత చిన్నదంటే, ఒక్క బొగ్గు ముక్కలా కనిపిస్తుందట. ఇంకొంచెం వేసుకుందామంటే బొగ్గుల పెట్టె స్క్రూజ్ తన గదిలో పెట్టుకున్నాడు. పార పట్టుకుని లోపలికి వెళితే ఉద్యోగం పోతుందన్న హెచ్చరిక. దాంతో బాబ్ మెడకు తెల్లటి ఉన్ని గుడ్డ చుట్టుకుని, కొవ్వొత్తి దగ్గర వెచ్చబడాలని చూస్తాడు.

ఇప్పుడు రెండో అధ్యాయానికి రండి. స్క్రూజ్ కుర్రవాడిగా పనిచేసిన ఫెజ్జివిగ్ కొట్టులో పండుగ. నేల ఊడ్చి, దీపాలు సరిచేసి, మంట మీద ఇంధనం గుట్టగా పోస్తారు. అక్కడా ఒక యజమాని, ఒక మంట ఉన్నాయి. ఇక చివరి అధ్యాయంలో, పండుగ మర్నాడు ఆఫీసుకొచ్చిన బాబ్‌తో స్క్రూజ్ జీతం పెంచుతానంటాడు. ఆ వెంటనే, ఇంకో ‘ఐ’ (i) అక్షరం మీద చుక్క పెట్టేలోపు వెళ్లి ఇంకో బొగ్గుల బుట్ట కొనుక్కురా, మంటలు రాజెయ్యి అంటాడు. మంట అనలేదు, మంటలు అన్నాడు. రెండు గదుల్లోనూ అన్నమాట. ఆ బహువచనం దగ్గర ఆగిన పిల్లవాడికి స్క్రూజ్ మార్పు గురించి నేను వేరే చెప్పాల్సిన పని ఉండదు. స్వార్థం, పేదరికం, యజమాని బాధ్యత, మనిషిలో మార్పు, ఈ నాలుగింటిలో ఏది అడిగినా ఈ బొగ్గు పనికొస్తుంది.

అపోహ: మాకు ఇంగ్లీషు అంతంతమాత్రం, ఇంట్లో మేం చేయగల సాయం ఏమీ లేదు.

వాస్తవం: నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఈ బొగ్గు సంగతిని ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మకు తెలుగులో చెప్పిందట. ఆవిడకు ఇంగ్లీషు రాదు. అంతా విని, “ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం అన్నమాట” అన్నారట. తర్వాత, “ఇంతకీ ఆ బొగ్గుల పెట్టె ఎవరి గదిలో ఉందన్నావు?” అని మళ్లీ అడిగారట. సామాన్ల గది తాళంచెవి ఎవరి నడుముకుంటే ఇంట్లో మాట వారిదేనని తెలిసిన మనిషి కాబట్టి, అడగాల్సిన ప్రశ్నే అడిగారు. చలి అందరికీ ఒకటే, బొగ్గు మీద అధికారం మాత్రం ఒక్కడిది. ఆ అమ్మాయి మర్నాడు రాసిన పేరాలో ఆ మాటే ఉంది. ఆ ఏడాది నేను దిద్దిన వాటిలో అంతకంటే మంచి పేరా నాకు గుర్తులేదు.

కాబట్టి అమ్మలూ నాన్నలూ, పిల్లల చేత తెలుగులోనే చెప్పించుకోండి. “ఎందుకు?” అని రెండుసార్లు అడగండి. తెలుగులో తేటపడిన ఆలోచన ఇంగ్లీషులో రాయడం తేలిక. తేటపడని ఆలోచనకు ఏ భాషా సాయపడదు.

అపోహ: రచయిత జీవితం, విక్టోరియా కాలం గురించి ఒక పేరా సిద్ధం చేసుకుని చివర్లో అతికిస్తే నేపథ్యం మార్కులు వచ్చేస్తాయి.

వాస్తవం: 30లో 12 మార్కులు నవల మీద పిల్లల అవగాహనకు, ఆధారాలు చూపడానికి. ఇంకో 12 రచయిత భాషను, నిర్మాణాన్ని విశ్లేషించడానికి. నేపథ్యానికి 6. ఆ ఆరు కూడా విడిగా అతికించిన పేరాకు రావు.

డికెన్స్ తండ్రి 1824లో అప్పు తీర్చలేక మార్షల్సీ జైలుకు వెళ్లారు. పన్నెండేళ్ల చార్లెస్ బూట్ల పాలిష్ తయారుచేసే చోట సీసాలకు కాగితాలు అంటించే పనిలో చేరాడు. మనసును కలచే విషయమే. అయినా ప్రశ్న ఫెజ్జివిగ్ గురించైతే దీన్ని యాంత్రికంగా దించి ఉపయోగం లేదు.

నేపథ్యం ఎక్కడ అతుకుతుందో చూడండి. దానం అడగడానికి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులను స్క్రూజ్ “జైళ్లు లేవా? వర్క్‌హౌసులు ఇంకా నడుస్తున్నాయా?” అని అడుగుతాడు. 1834లో వచ్చిన కొత్త పేదల చట్టం, సాయం కావాలంటే వర్క్‌హౌసులో, అంటే పేదల చేత పని చేయించుకుని తిండీ నీడా ఇచ్చే చోట, చేరాల్సిందేనన్న నియమం మీద నడిచింది. అక్కడ భార్యాభర్తలను, పిల్లలను విడదీసి ఉంచేవారు. అక్కడికి వెళ్లడం కంటే చావు మేలనుకునేవాళ్లు ఉన్నారని పెద్దమనుషులు అంటే, చస్తే చావనీ, అదనపు జనాభా తగ్గుతుందంటాడు స్క్రూజ్. ఆ మాట వెనుక జనాభా తిండిని మించి పెరుగుతుందంటూ 1798లో వ్యాసం ప్రచురించిన మాల్థస్ ఆలోచనలున్నాయి. అవి డికెన్స్ కాలంలో చదువుకున్నవాళ్లు గంభీరంగా చర్చించుకున్న సిద్ధాంతాలు. అంటే స్క్రూజ్ ఒక వింత పిసినారి కాదు, ఆనాటి పాఠకుల ఇంటి భోజనాల బల్ల దగ్గర వినిపించే గొంతు. తర్వాత బాబ్ కొడుకు, కుంటి పిల్లవాడు టైనీ టిమ్ బతుకుతాడా అని స్క్రూజ్ ఆత్రంగా అడిగినప్పుడు, ఆత్మ అతని మాటనే అతనికి తిప్పి చెబుతుంది. “అదనపు జనాభా”కు అప్పుడొక ముఖం వస్తుంది. నేపథ్యం రాయాల్సిన చోటు అది. రెండు వాక్యాలు చాలు.

అపోహ: అలంకారాల పేర్లు ఎన్ని రాస్తే అన్ని మార్కులు.

వాస్తవం: కాదు. స్క్రూజ్‌ను ముత్యపుచిప్పలా ఒంటరివాడని డికెన్స్ అన్నాడు. అది ఉపమ అని రాయడం మొదటి మెట్టు మాత్రమే. చిప్ప గట్టిది, మూసుకుని ఉంటుంది, తెరవాలంటే బలం కావాలి, లోపల ముత్యం ఉన్నా ఉండొచ్చు. ఇంత ఆలోచన రాసి ఉపమ అన్న పేరు మరచిపోయినా నాకు దిగులు లేదు.

అపోహ: స్క్రూజ్ కరుడుగట్టిన మనిషి, చివరి ఆత్మ చూపిన సమాధికి భయపడి మారాడు.

వాస్తవం: రెండో అధ్యాయంలోనే, ఖాళీ బడిలో ఒంటరిగా కూర్చున్న చిన్ననాటి తనను చూసి ఏడుస్తాడు. కళ్లు తుడుచుకుని, నిన్న రాత్రి నా గుమ్మం దగ్గర పాడిన కుర్రాడికి ఏదైనా ఇచ్చి ఉండాల్సింది అంటాడు. ఫెజ్జివిగ్‌ను చూశాక, గుమస్తాతో ఒక మాట మాట్లాడాలని ఉందంటాడు. సమాధి ఇంకా రెండు అధ్యాయాల దూరంలో ఉంది. భయానికి ముందే జాలి మొదలైందని గమనించిన వ్యాసం వేరే స్థాయిలో ఉంటుంది.

అపోహ: సినిమా చూస్తే సరిపోతుంది.

వాస్తవం: చూడండి, తప్పు లేదు. కానీ మూడో అధ్యాయం చివర ఆత్మ అంగీ మడతల్లోంచి బయటపడే ఇద్దరు పిల్లలు కొన్ని సినిమాల్లో కనిపించనే కనిపించరు. అబ్బాయి పేరు అజ్ఞానం, అమ్మాయి పేరు లేమి. పసుపు పచ్చగా, ఎండిపోయి, చిరుగు బట్టల్లో ఉంటారు. ఇద్దరి విషయంలోనూ జాగ్రత్త, ముఖ్యంగా ఈ అబ్బాయి విషయంలో అంటుంది ఆత్మ. 1843 సెప్టెంబరులో డికెన్స్ లండన్‌లో నిరుపేద పిల్లల కోసం నడిచే ఫీల్డ్ లేన్ బడికి వెళ్లి వచ్చారు. నవలిక అదే ఏడాది డిసెంబరు 19న వెలువడింది. ఆ పేజీల్లో ఆ బడి పిల్లల నీడ ఉంది.

ఈ పిల్లల గురించే తరగతిలో నేను ఆఖరున ఒక ప్రశ్న అడుగుతాను. బాబ్ జీతం పెరిగింది. టైనీ టిమ్ చనిపోలేదు. పెద్ద టర్కీ కోడి క్రాచిట్ ఇంటికి చేరింది. మరి అజ్ఞానం, లేమి ఏమయ్యారు? పిల్లలు చివరి రెండు అధ్యాయాలు తిరగేసి వెతుకుతారు. ఆ ఇద్దరు మళ్లీ ఎక్కడా కనిపించరు. నిరుడు ఆ ప్రశ్నకు తరగతి చాలాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది. తర్వాత వెనుక వరుసలో ఒక అబ్బాయి, “వాళ్లను డికెన్స్ మన దగ్గర వదిలి వెళ్లాడు” అన్నాడు. నేను ఆ మాటను బోర్డు మీద రాశాను. గంట కొట్టేదాకా చెరపలేదు.