చీకటి కథల మీద కోపం 1954లోనూ ఉంది

అమెరికాలో స్కూల్ లైబ్రరీల గొడవ మళ్ళీ రాజుకుంది. టెక్సస్‌లో 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం లైబ్రరీకి కొత్త పుస్తకం ఏది కొనాలన్నా స్కూల్ బోర్డు ఆమోదం ఉండాలి. అశ్లీలం గురించి జరుగుతున్న వాదన అందరికీ తెలిసిందే. టీనేజ్ పిల్లల కోసం రాసిన గోథిక్ నవలలు, అంటే పాడుబడ్డ బంగళాలు, రక్తపిశాచులు, చావు, పిచ్చి ఉండే కథలు కూడా ఈ అనుమానపు చూపు తప్పించుకోలేకపోతున్నాయి. డాలస్, ఫ్రిస్కో వైపు ఉన్న తెలుగు తల్లిదండ్రులకిది ఇంటి సంగతే.

ఇవాళ్టి టెన్షన్ అర్థం కావాలంటే 1954 చూడాలి.

ఆ ఏడాది సెప్టెంబరు 23న స్కాట్లాండ్ నగరం గ్లాస్గోలోని గోర్బల్స్ పేటలో వందలాది పిల్లలు, కొందరు కత్తులు, చెక్కిన కర్రలు పట్టుకుని, సదరన్ నెక్రోపొలిస్ శ్మశానంలోకి దూరారు. ఇనుప పళ్ళ రక్తపిశాచి ఇద్దరు అబ్బాయిల్ని తినేసిందనీ, దాన్ని పట్టుకుంటామనీ వాళ్ళ పట్టుదల. ఊళ్ళో తప్పిపోయిన పిల్లలే లేరు. పెద్దలు వెంటనే తప్పంతా అమెరికన్ హారర్ కామిక్స్ మీదకి నెట్టారు. అప్పటికే చర్చి, టీచర్ల సంఘం, కమ్యూనిస్టు పార్టీ కూడా వాటి మీద కత్తి కట్టి ఉన్నాయి. 1955లో బ్రిటన్‌లో చట్టం వచ్చేసింది. పిల్లల చేతికి చేరే అవకాశమున్న బొమ్మల కథల్లో 'జుగుప్సాకరమైన, భయంకరమైన' సంఘటనలు చూపించి పిల్లల్ని చెడగొట్టేవి నేరం కిందకి వచ్చాయి. ఆ చట్టం ఇప్పటికీ రద్దు కాలేదు.

సాండీ హాబ్స్, డేవిడ్ కార్న్‌వెల్ అనే పరిశోధకులు తర్వాత ఈ సంగతి తవ్వారు. ఇనుప పళ్ళ జెన్నీ గురించిన స్కాటిష్ పద్యం ఒకటుంది, దాన్ని రాసింది అలెగ్జాండర్ ఆండర్సన్. బైబిల్‌లో దానియేలు గ్రంథంలోనూ ఇనుప పళ్ళ మృగం ఉంది. అలాంటి పేరుతో ఒక అమెరికన్ కామిక్ కథ కూడా ఉన్న మాట నిజమే. కానీ గోర్బల్స్ పిల్లలు దాన్ని చదివారని ఎవరూ రుజువు చెయ్యలేదు. చట్టం చేసేముందు ఆ ప్రశ్న అడగాల్సింది.

అదే 1954లో అమెరికాలో మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వెర్థమ్, కామిక్స్ పిల్లల్ని నేరాల వైపు నెడుతున్నాయని పుస్తకం రాశాడు. ఏప్రిల్‌లో సెనేట్ కమిటీ విచారణ జరిపింది. కామిక్స్‌ని వెనకేసుకొస్తూ పిల్లలు కమిటీకి ఉత్తరాలు రాశారు. అయినా కథ ముందే తేలిపోయింది. సెనేట్ చట్టమేదీ చెయ్యలేదు గానీ, కామిక్స్‌లో ఏం చూపించకూడదో చెప్పే కోడ్‌ని ప్రచురణకర్తలు తమకి తామే పెట్టుకున్నారు, హారర్ పత్రికలు మూతబడ్డాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత వెర్థమ్ కాగితాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బయటికొచ్చాయి. వాటిని చదివిన పరిశోధకురాలు కరోల్ టిల్లీ 2012లో తేల్చిన విషయం దారుణం. వెర్థమ్ పిల్లల వయసులు మార్చాడు, వేర్వేరు పిల్లల మాటల్ని కలిపేశాడు, ఇంటి పరిస్థితుల వంటి కారణాలని దాచేశాడు. రెండు తరాల పిల్లలకి ఏం చదవాలో నిర్ణయించింది ఇలాంటి సాక్ష్యం.

2011 జూన్‌లో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో ఒక విమర్శకురాలు టీనేజ్ నవలలు మరీ చీకటిగా ఉన్నాయని రాసినప్పుడు ఒక తేడా కనిపించింది. ఈసారి పాఠకులే ట్విట్టర్లో జవాబిచ్చారు. ఈ కథలు తమని ఒంటరితనం నుంచి, చనిపోవాలనే ఆలోచన నుంచి ఎలా గట్టెక్కించాయో వేలమంది చెప్పారు. తమ పిల్లల పుస్తకాల సంగతి తాము చూసుకుంటామనే తల్లిదండ్రుల మాటలో న్యాయం ఉంది. ఊరందరి పిల్లల తరఫున షెల్ఫ్ ఖాళీ చెయ్యడం వేరే విషయం.

టెక్సస్ చట్టం సలహా కమిటీలకీ వీలిచ్చింది. వాటిలో పెద్ద పాత్ర తల్లిదండ్రులది. ఒక నవలని తీసేయమన్నప్పుడు దాన్ని చదివిన పదహారేళ్ళ పిల్లని పిలిచి మాట్లాడించమని మన తెలుగువాళ్ళు ఆ కమిటీల్లో అడగవచ్చు. 1954లో గ్లాస్గోలో గానీ, అమెరికాలో గానీ ఆ పని ఎవరూ సరిగ్గా చెయ్యలేదు.