రోనీ బార్కర్ నవ్వు ఆశువుగా పుట్టిందా? అపోహలు - వాస్తవాలు

స్కిట్లు రాయడం మొదలుపెట్టినవాళ్ల నోట పదే పదే వినిపించే మాట: "గొప్ప కమెడియన్‌కి స్క్రిప్ట్ ఎందుకండీ? సందర్భం చెబితే చాలు, కెమెరా ముందు అదే వచ్చేస్తుంది." దీనికి రుజువుగా చాలామంది చూపించేది బ్రిటిష్ నటుడు, రచయిత రోనీ బార్కర్ 'ఫోర్ క్యాండిల్స్' వీడియో. ఈ నమ్మకంతో కాగితం పక్కన పడేసి షూటింగ్‌కి వెళ్లి, రోజంతా తీసి, ఎడిటింగ్‌లో రెండు నిమిషాలు కూడా మిగలక దిగులుపడేవాళ్లు ఎందరో. వాళ్లలో లోపం లేదు. వాళ్లకు అందిన సమాచారమే తప్పు.

ఆ స్కిట్ బార్కర్, రోనీ కార్బెట్ కలిసి చేసిన బీబీసీ కామెడీ షో 'ది టూ రోనీస్'లో 1976 సెప్టెంబరు 4న ప్రసారమైంది. ప్రతి మాటా బార్కర్ ముందుగా రాసుకున్నదే. హార్డ్‌వేర్ కొట్లో యజమానిగా రోనీ కార్బెట్, కొనేవాడిగా బార్కర్. లండన్ సామాన్యుల యాసలో పదం మొదట్లో హకారం పలకరు. అందుకే తోటపని ఫోర్కుకు వేసే పిడులు, అంటే 'ఫోర్క్ హ్యాండిల్స్', అడిగితే 'ఫోర్ క్యాండిల్స్' అన్నట్టు వినిపిస్తుంది. యజమాని నాలుగు కొవ్వొత్తులు తెచ్చి పెడతాడు. ఇంతవరకు అది ఒక్క శబ్దశ్లేష, పది సెకన్ల జోకు. దాన్ని స్కిట్‌గా నిలబెట్టింది శ్లేష కాదు, శ్రమ. ప్రతి అపార్థానికీ యజమాని ఒళ్లు వంచాల్సిందే. 'ఓ'లు కావాలంటే ముందు తోటలో కలుపు తవ్వే 'హో' వస్తుంది, తర్వాత నీళ్ల గొట్టం ('హోస్'), ఆపైన ఆడవాళ్ల మేజోళ్లు (ఇంగ్లిష్‌లో అవీ 'హోసే'). చివరికి తేలేది గేటు మీద బిగించే 'ఓ' అక్షరాలని. వాటి పెట్టె నిచ్చెనెక్కి దించాలి. అది మళ్లీ పైన పెట్టి దిగాక కొనేవాడు 'పీ'లు అడుగుతాడు. పైన ఉన్నప్పుడే చెప్పొచ్చుగా అని విసుక్కుంటూ యజమాని మళ్లీ ఎక్కి అక్షరాలు తెస్తే, అడిగింది డబ్బాల్లో వచ్చే బఠాణీలు ('పీస్')! కార్బెట్ ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. అంత చిన్న మనిషి అదే నిచ్చెన రెండోసారి ఎక్కుతుంటే జనం మాట కోసం ఆగరు, ముందే నవ్వుతారు.

ఈ వరుస తారుమారైతే స్కిట్ చచ్చిపోతుంది. నిచ్చెన మొదట్లోనే వస్తే ఆ తర్వాత పెంచడానికి ఏమీ మిగలదు. కొనేవాడు ఒక్కసారి ముసిముసిగా నవ్వినా, కావాలనే ఏడిపిస్తున్నాడని తెలిసిపోయి యజమాని కోపానికి బలం పోతుంది. అందుకే బార్కర్ ముఖం మొదటినుంచి చివరిదాకా బల్లలా ఉంటుంది. వస్తువులేవీ కౌంటర్ మీద ముందే కనిపించకూడదు. ప్రతిదీ ఒక్కో అరలో ఉండాలి, యజమాని అక్కడిదాకా నడవాలి.

చిత్రీకరణ పద్ధతి కూడా ఆశువుకు చోటివ్వదు. సెట్ కొలతలు రిహార్సల్ గదిలో నేల మీద టేపుతో గీసి, రోజుల తరబడి సాధన చేసి, ఆ తర్వాత స్టూడియోలో ప్రేక్షకుల ఎదుట అనేక కెమెరాలతో రికార్డు చేసేవారు. స్క్రిప్టులో ప్రతి షాటుకూ ఒక నంబరు ఉంటుంది, ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు మారడమంతా దాని ప్రకారమే. నటుడు ఒక వాక్యం దాటేస్తే ఆ తర్వాతి కట్ ఖాళీ గోడ మీద పడుతుంది. ఆ నవ్వులు వేరేచోట రికార్డు చేసి తెచ్చి అతికించినవి కావు. బయట తీసిన ఫిల్మ్ ముక్కలను కూడా ఆ ప్రేక్షకులకే తెర మీద చూపించి నవ్వు రికార్డు చేసేవారు.

ఈ స్కిట్‌ను తెలుగులోకి మక్కీకి మక్కీ దించేవాళ్లకు ఒక మాట. 'నాలుగు కొవ్వొత్తులు', 'ఫోర్కు పిడులు' అన్న మాటల్లో శబ్దం కలవదు. అది విడమరిచి చెప్పేలోపు నవ్వు పారిపోతుంది. మన మాటల్లో వెతుక్కోండి. కొట్లోకొచ్చి 'ఒక జత తాళాలు' అంటే తలుపుకు వేసేవీ అవుతాయి, భజనలో వాయించేవీ అవుతాయి. ఇలాంటివి ఐదారు దొరికాక ఏది తేవడానికి ఎక్కువ కష్టమో చూసి, తేలికైనవి ముందు, కష్టమైనవి వెనక పేర్చండి. తర్వాత వాచీ పెట్టుకుని పైకి చదవండి. నడకలకు, ఎక్కి దిగడాలకు పట్టే సమయం కూడా కలపండి. మొదటిసారి లెక్క తప్పేది సాధారణంగా అక్కడే.

అపోహ: బార్కర్ చేసినవన్నీ ఆయనే రాసుకున్నారు.

కాదు. ఆయన నటించిన టీవీ కామెడీ సీరియళ్లలో 'పారిడ్జ్' రాసింది డిక్ క్లెమెంట్, ఇయాన్ లా ఫ్రెనే. 'ఓపెన్ ఆల్ అవర్స్' రాయ్ క్లార్క్‌ది. ఈ రెండూ 1973లో 'సెవెన్ ఆఫ్ వన్' సిరీస్‌లో ఒక్కో కథగా మొదలయ్యాయి. గడిచిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పే 'మాస్టర్‌మైండ్' స్కిట్ డేవిడ్ రెన్విక్ రచన. కార్బెట్ కుర్చీలో కూర్చుని దారి తప్పుతూ చెప్పే కథలు కూడా గాలిలోంచి పుట్టినవి కావు, చాలాకాలం వాటిని స్పైక్ మలిన్స్ రాశారు. నటుడిగా బార్కర్ చేర్చినవీ ముందే నిర్ణయించుకున్నవే. 'ఓపెన్ ఆల్ అవర్స్'లో ఆయన వేసిన కొట్టు యజమాని ఆర్క్‌రైట్ నత్తి క్లార్క్ స్క్రిప్టులో లేదు. నాటకరంగంలో నటుడు గ్లెన్ మెల్విన్ దగ్గర నేర్చుకున్న నత్తిని బార్కర్ అందులో పెట్టారు.

అపోహ: పేరున్నవాడు కాబట్టి ఏది రాసినా తీసుకున్నారు.

కొత్తగా రాసేవాళ్లను ఎక్కువగా కుంగదీసేది ఇదే. నిజానికి బార్కర్ తన పేరును దాచిపెట్టారు. 1968లో మొదలైన 'ఫ్రాస్ట్ ఆన్ సండే' అనే టీవీ షోకి జెరాల్డ్ వైలీ అన్న కల్పిత పేరుతో స్కిట్లు పంపారు. నటుడి మీద మొహమాటంతో కాకుండా, కాగితం మీదున్న బలాన్ని బట్టే తీసుకోవాలని ఆయన పట్టుదల. వైలీ ఎవరా అని యూనిట్ అంతా ఆరా తీసింది, నాటక రచయిత టామ్ స్టాపర్డ్ పేరు కూడా ఊహల్లోకి వచ్చింది. చివరికి ఒక చైనీస్ హోటల్లో అందరినీ భోజనానికి పిలిపించి, లేచి నిలబడి వైలీ తానేనని చెబితే మొదట ఎవరూ నమ్మలేదు. మీ స్క్రిప్టు పరీక్షించుకోవాలంటే ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. పేరు తీసేసి, మీ గొంతు తెలియనివాళ్లతో చదివించండి. మీరే చదివి వినిపిస్తే వాళ్లు మీ హావభావాలకు నవ్వుతారు, రాతకు కాదు.

అపోహ: అవకాశాలు తగ్గిపోయి తప్పుకున్నారు.

వదంతి. 1987 చివర్లో, 58 ఏళ్ల వయసులో, జనాదరణ తగ్గకముందే మానేశారు. కొత్త ఆలోచనలు తగ్గుతున్నాయనీ, నాణ్యత పడిపోకముందే ఆపేయాలనీ ఆయన ఉద్దేశం. బాబ్ ఫెరిస్ అన్న ఇంకో మారుపేరుతో రాసుకున్న టీవీ సిరీస్ 'క్లారెన్స్' 1988లో ప్రసారమయ్యే నాటికే నిర్ణయం అయిపోయింది. ఆ తర్వాత ఇంగ్లండ్‌లోని చిప్పింగ్ నార్టన్ ఊళ్లో పాత వస్తువుల దుకాణం నడుపుకున్నారు. 2002లో 'ది గ్యాదరింగ్ స్టార్మ్' అనే టీవీ సినిమాలో చర్చిల్ ఇంటి బట్లర్‌గా మళ్లీ కనిపించారు.