పాల క్యాన్లలో దాచిన జీవితాలు

రెండో ప్రపంచ యుద్ధంలో వేధింపులకు గురైన యూదు కుటుంబాల ఉత్తరాలు, డైరీలు, ఫొటోలు, గుర్తింపు కార్డులను ఎన్నో మ్యూజియంలు ఇప్పటికీ సేకరిస్తున్నాయి. ఆ రోజులు కళ్లారా చూసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు కాబట్టి తొందర కూడా పెరిగింది. అయితే ఇది యుద్ధం ముగిశాక పుట్టిన ఆలోచన కాదు. చావు గుమ్మంలో ఉండగానే బాధితులే ఈ పని మొదలుపెట్టారు.

1940 నవంబరులో జర్మన్లు పోలండ్ రాజధాని వార్సాలో యూదుల ఘెట్టోను, అంటే వాళ్లను బలవంతంగా ఉంచిన పేటను, గోడ కట్టి మూసేశారు. ఒక దశలో నాలుగు లక్షలకు పైగా జనాన్ని అందులో కుక్కారు. అదే నెలలో ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు కొందరిని రహస్యంగా కూడగట్టాడు. టీచర్లు, రచయితలు, రబ్బీలు (యూదు మత గురువులు) అందులో ఉన్నారు. యూదుల విశ్రాంతి దినమైన శనివారాలు కలిసేవారు కాబట్టి 'ఒయ్‌నెగ్ షబ్బెస్' (సబ్బాతు ఆనందం) అని మారుపేరు పెట్టుకున్నారు.

వాళ్లు ఏరినవాటిలో రేషన్ కార్డులు, ట్రామ్ టికెట్లు, మిఠాయి చుట్టిన కాగితాలు, బడిపిల్లల వ్యాసాలు ఉన్నాయి. బృందంలోని రేచెల్ ఆవర్‌బాఖ్ తాను నడిపిన గంజి కేంద్రం గురించి, అక్కడికి వచ్చే ఆకలి మనుషుల గురించి రాసింది. 1942 మేలో జర్మన్ సినిమా బృందం ఘెట్టోలోకి వచ్చి, తమకు కావలసినట్టు సీన్లు పెట్టించి తీసుకుపోయింది. అలాంటి రీళ్లు, అధికారుల ఫైళ్లు మాత్రమే మిగిలి ఉంటే ఈ మనుషులు మనకు హంతకుల కళ్లతోనే కనిపించేవారు. ఆ చిత్తు కాగితాల విలువ నాకు అక్కడే కనిపిస్తుంది.

1942 జులై 22న ట్రెబ్లింకా హత్యా శిబిరానికి తరలింపులు మొదలయ్యాయి. ఆగస్టు 3న బృందంలోని ఇజ్రాయెల్ లిక్టెన్‌స్టయిన్ అనే టీచరు, ఇద్దరు కుర్రాళ్ల సాయంతో, సేకరించిన కాగితాలను పది రేకు పెట్టెల్లో పెట్టి నొవోలిప్కి వీధి 68వ నంబరు బడి కింద పాతిపెట్టాడు. వాటిలో తన వీలునామా కూడా ఉంచాడు. తనకు పొగడ్తలు, విగ్రహాలు వద్దన్నాడు. భార్య గేలా గీసిన బొమ్మలను, 20 నెలల కూతురు మార్గలిత్‌ను మాత్రం గుర్తుపెట్టుకోమని అడిగాడు. పాప యూదుల భాష యిడ్డిష్ చక్కగా మాట్లాడుతుందని కూడా రాశాడు. ఆ ముగ్గురిలో ఎవరూ బతకలేదు. గేలా బొమ్మలు మిగిలాయి.

1943 ఫిబ్రవరిలో మరికొన్ని కాగితాలను రెండు పాల క్యాన్లలో పెట్టి పాతారు. 1944 మార్చిలో రింగెల్‌బ్లూమ్‌ను భార్యాబిడ్డలతో సహా చంపేశారు. బృందంలో యాభై, అరవై మంది ఉంటే యుద్ధం తర్వాత మిగిలింది ముగ్గురే: ఆవర్‌బాఖ్, హెర్ష్ వాసర్, ఆయన భార్య బ్లూమా.

ఘెట్టో మొత్తం నేలమట్టమై ఉంది. తవ్వి తీరాలని ఆవర్‌బాఖ్ పట్టుబట్టింది. 1946 సెప్టెంబరులో పెట్టెలు దొరికాయి. వాటిలోకి నీళ్లు చేరడంతో కాగితాలు అతుక్కుపోయాయి, సిరా కారిపోయింది. పాల క్యాన్లు 1950 డిసెంబరులో బయటపడ్డాయి. వాటిలోవి చాలావరకు బాగున్నాయి. వేరే చోట పాతారని చెప్పే మూడో భాగం నేటికీ దొరకలేదు. దొరికిన సుమారు 35,000 పేజీలు వార్సాలోని యూదు చరిత్ర సంస్థలో ఉన్నాయి. 1999లో యునెస్కో వాటిని 'ప్రపంచ స్మృతి' జాబితాలో చేర్చింది.

ఆవర్‌బాఖ్ తర్వాత ఇజ్రాయెల్ వెళ్లి, యూదుల ఊచకోత స్మారక సంస్థ యాద్ వాషెమ్‌లో, బతికి బయటపడినవారి వాంగ్మూలాలు సేకరించే విభాగాన్ని నడిపింది. ఘెట్టోలో నేర్చుకున్న పద్ధతినే అక్కడా కొనసాగించింది: నాయకులనే కాకుండా మామూలు మనుషులనూ కూర్చోబెట్టి, వాళ్ల సొంత మాటల్లో చెప్పించి రాయించింది.