ఒక పక్క కన్ను నొప్పి: అది మైగ్రేనే అని ఎవరు తేల్చారు?

ఒక పక్క కంటి నొప్పితో నా దగ్గరికి వచ్చేవాళ్ల చేతిలో సాధారణంగా రెండు కనిపిస్తాయి: సగం ఖాళీ అయిన నొప్పి మాత్రల స్ట్రిప్, ఎంఆర్ఐ ఫిల్ముల పెద్ద కవరు. "అన్నీ నార్మలే సార్, మైగ్రేన్ అన్నారు" అంటారు. కంటి ప్రెషర్ ఎప్పుడైనా చూపించుకున్నారా అని అడిగితే "బీపీ నార్మలే సార్" అని జవాబు. చేతికి పట్టీ కట్టి కన్ను లోపలి ప్రెషర్ చెప్పలేం. మెదడు స్కాన్ కూడా చెప్పదు. వేలకు వేలు పోసి స్కాన్ తీయించుకుని, కొన్ని వందల్లో అయిపోయే కంటి పరీక్ష మాత్రం చేయించుకోనివాళ్లను చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

అపోహ: "ఒక పక్కే వస్తోంది, మాత్ర వేసుకుని పడుకుంటే తగ్గిపోతోంది. కాబట్టి మైగ్రేనే."

నాకు కోపం తెప్పించేది, జనానికి చూపు పోగొట్టేది ఇదే. మైగ్రేన్ చాలామందికి ఉంటుంది, కాదనను. కానీ పడుకుంటే తగ్గడం దానికి రుజువు కాదు.

కంట్లో ఎప్పుడూ కొంత నీరు ఊరుతూ ఉంటుంది. ఐరిస్ (కనుపాప చుట్టూ ఉండే రంగు పొర), కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) కలిసే మూల నుంచి అది బయటికి పోతుంది. కొందరికి పుట్టుకతోనే కన్ను చిన్నది, ఆ మూల ఇరుకు. వయసుతో పాటు లోపలి లెన్సు లావెక్కి ఐరిస్‌ను ముందుకు నెడుతుంది. మసక వెలుతురులో కనుపాప పెద్దదైతే ఐరిస్ ముడుచుకుని, మోరీకి గుడ్డ అడ్డం పడినట్టు ఆ మూలను మూసేస్తుంది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండే ప్రెషర్ కొన్ని గంటల్లోనే 40, 50, ఒక్కోసారి 60 దాటుతుంది. నిద్రపోతే కనుపాప చిన్నదవుతుంది, దారి తెరుచుకుంటుంది, నొప్పి దిగిపోతుంది. పేరు మాత్రకు వస్తుంది.

దీన్ని యాంగిల్ క్లోజర్ అంటాం. ఇలా మూతపడుతూ తెరుచుకుంటూ కొన్నేళ్లు గడిస్తే కంటి నరం దెబ్బతిని గ్లకోమా అవుతుంది, మనవాళ్లు నీటికాసులు అనేది. పోయిన చూపు తిరిగి రాదు.

జగిత్యాల వైపు నుంచి ఒకావిడ వచ్చింది. యాభై దాటాయి, చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టే పని. ఒళ్లో చాట పెట్టుకుని, తల వంచి, సాయంత్రం ఒక్క బల్బు కింద కూర్చుంటుంది. "పొద్దుగూకంగ కుడి కన్ను ఎనుక గుంజుడు షురువైతది సారూ. బల్బు దిక్కు జూస్తే సుట్టూ సింగిడి లెక్క కనవడ్తది. పండుకుంటె తక్కువైతది" అంది. సింగిడి అంటే ఇంద్రధనుస్సు. మూడేళ్లుగా ఒంటితలనొప్పి మాత్రలు వాడుతోంది. ఆ సింగిడి గురించి ఎవరికైనా చెప్పావా అమ్మా అంటే, ఎవరూ అడగలేదంది.

ఆ రోజు ఆమె కంటి ప్రెషర్ 19. అంటే నార్మల్! అక్కడితో ఆగితే ఆమెను మళ్లీ మాత్రల మీదికే పంపేవాళ్లం. టార్చి కణత వైపు నుంచి అడ్డంగా వేస్తే ముక్కు వైపు ఐరిస్ మీద నీడ పడింది. ఐరిస్ ముందుకు ఉబికి ఉందన్నమాట. కంటిని పెద్దది చేసి చూపించే స్లిట్ ల్యాంపులో చూస్తే కుడి కంటి లెన్సు మీద బూడిద రంగు చుక్కలు చల్లినట్టున్నాయి. ప్రెషర్ ఒకసారి బాగా పెరిగి తగ్గిన కంట్లో మిగిలే గుర్తులవి. "ఎప్పుడైనా రాత్రి వాంతులు బాగా అయ్యాయా?" అని అడిగాను. బతుకమ్మ పండుగ ముందు ఒక రాత్రి తల పగిలిపోయి, వాంతులై, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్లారట. సెలైన్ పెట్టి, కడుపుకి ఇంజక్షన్ చేశారట. తెల్లారేసరికి తేలికపడింది. కన్ను ఎర్రగా ఉందా అని ఆ రాత్రి చూసినవాళ్లు లేరు. ఇలాంటి రాత్రుల్లో కన్ను చూడకుండా కడుపునొప్పి ఇంజక్షన్లు చేయడం మరో తలనొప్పి. వాటిలో కొన్ని కనుపాపను ఇంకా పెద్దది చేస్తాయి.

గోనియోస్కోపీ చేశాం. చిన్న అద్దాల లెన్సు కంటికి ఆనించి ఆ మూలను నేరుగా చూసే పరీక్ష అది. చాలా భాగం మూసుకునే ఉంది. రెండు కళ్లకూ లేజర్‌తో ఐరిస్‌లో సన్నని రంధ్రం చేశాం. కొడుకు "ఆపరేషనా సార్?" అని కంగారుపడ్డాడు. కాదు, చుక్కలు వేసి కుర్చీలో కూర్చోబెట్టి చేసేది, నిమిషాల పని, అదే రోజు ఇంటికి. నొప్పి లేని ఎడమ కంటికి ఎందుకని కూడా అడిగాడు. ఒక కన్ను ఇరుకైతే రెండోదీ ఇరుకే, దాని వంతు కోసం చూస్తూ కూర్చోం. అయితే కుడి కంటి పక్క చూపు అప్పటికే కొంత పోయింది. దాన్ని తేలేకపోయాం.

ఇది అరుదైన కథ కాదు. 1996-2000 మధ్య హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చేసిన పెద్ద అధ్యయనంలో గ్లకోమా బయటపడినవాళ్లలో ఎక్కువమందికి, తమకు అది ఉందని అప్పటిదాకా తెలియదు.

కాబట్టి ఇవి గుర్తుపెట్టుకోండి. నలభై దాటిన వయసు, ముఖ్యంగా ఆడవాళ్లు. దూరం చూపుకే ప్లస్ పవర్ అద్దాలు ఉన్నవాళ్లు. ఇంట్లో ఎవరికైనా గ్లకోమా ఉన్నవాళ్లు. నొప్పి సాయంత్రాలు, సినిమా హాల్లో, మసక వెలుతురులో తల వంచి పని చేస్తున్నప్పుడు రావడం, దాంతో పాటు చూపు మసకగా ఉండటం, దీపాల చుట్టూ రంగుల వలయాలు. ఇందులో మీ కథ ఉంటే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లి "గోనియోస్కోపీ చేయండి" అని పేరు పెట్టి అడగండి. ప్రెషర్ ఒక్కటే కొలిచి పంపిస్తే సరిపోదు. నొప్పి వచ్చినప్పుడు ఒక్కో కన్ను మూసి బల్బు చూడండి, ఇంట్లోవాళ్లతో రెండు కళ్లనూ ఫోన్‌లో ఫొటో తీయించండి. ఎరుపు ఎంత, కనుపాప సైజు ఎంత అనేవి ఆ ఫొటోలో నాకు కనిపిస్తాయి. కన్ను ఎర్రబడి, చూపు మసకబారి, వాంతులు అవుతుంటే మాత్రం తెల్లారే దాకా ఆగొద్దు.

మైగ్రేన్ రాకుండా ఇచ్చే టోపిరమేట్ మాత్ర గురించి కూడా ఒక మాట. కొద్దిమందిలో, మొదలుపెట్టిన మొదటి కొన్ని వారాల్లో, అది రెండు కళ్లలోనూ ప్రెషర్ పెంచుతుంది. దూరపు చూపు ఉన్నట్టుండి మసకబారితే ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి.

అపోహ: "కన్ను చుట్టూ ఒత్తిడిగా ఉంది, అంటే కంటి ప్రెషర్ పెరిగింది."

చాలావరకు కాదు. మామూలు గ్లకోమాలో ప్రెషర్ 25 ఉన్నా, 30 ఉన్నా మనిషికి ఏమీ తెలియదు. నొప్పి తెలిసేది ఒక్కసారిగా బాగా పెరిగినప్పుడే. రోజంతా కన్ను వెనక బరువుగా ఉండి, గోనియోస్కోపీతో సహా పరీక్షలన్నీ బాగుంటే గ్లకోమా భయం వదిలేయొచ్చు.

అపోహ: "ముక్కు బిగుసుకుంది కాబట్టి సైనస్."

2004లో అమెరికాలో, సైనస్ తలనొప్పి అనుకుంటున్న దాదాపు 3000 మందిని పరిశీలిస్తే 88 శాతం మంది లక్షణాలు మైగ్రేన్‌కి సరిపోయాయి. మైగ్రేన్‌లోనూ ముక్కు బిగుస్తుంది, కన్ను నీరు కారుతుంది. చీము, జ్వరం లేకుండా యాంటీబయాటిక్స్ మింగడం దండగ. ఒక్క మినహాయింపు: షుగర్ అదుపులో లేనివాళ్లకు ఒక పక్క ముఖం నొప్పి, కన్ను వాపు వస్తే అదే రోజు ఆస్పత్రికి. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ ఇలాగే మొదలైంది.

అపోహ: "ఇంత నొప్పి అంటే మెదడులో గడ్డే."

రాత్రంతా గూగుల్ చూసి ఉదయాన్నే వచ్చే పిల్లలు నాకు బాగా తెలుసు. కళ్లు ఎర్రగా ఉండేది నొప్పి వల్ల కాదు, నిద్ర లేక! మరే లక్షణమూ లేకుండా ఒక్క కంటి నొప్పితోనే గడ్డ బయటపడటం చాలా అరుదు. నన్ను కంగారుపెట్టేవి వేరు: రెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, ఒక కనుపాప పెద్దదవడం, కన్ను ముందుకు పొడుచుకు రావడం. ఇవి ఉంటే స్కాన్ రేపటికి వాయిదా వేయొద్దు. కన్ను కదిపితే నొప్పి, రంగులు వెలిసినట్టు కనిపించడం ఉంటే కంటి నరం వాపు కావచ్చు, అదీ తొందరే.

క్లస్టర్ తలనొప్పి ఇంకోటి. ఒక కుర్రాడు అర్ధరాత్రి ఒకే వేళకు లేచి, ఒక కన్ను నీరు కారుతూ, గదంతా తిరుగుతూ గోడకు తల కొట్టుకునేవాడు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు, అంతకు ముందు పన్ను కూడా పీకించారు. మైగ్రేన్ వచ్చినవాళ్లు చీకటి గదిలో కదలకుండా పడుకుంటారు. వీళ్లు ఒక్కచోట కూర్చోలేరు. మాస్కుతో ఎక్కువ ఆక్సిజన్ పీలిస్తే చాలామందికి పావుగంటలో దిగుతుందంటే ఆ తండ్రి నమ్మలేదు, కళ్లారా చూసేదాకా.

కంట్లో పసరు పోయించుకోవడం, మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వాడటం గురించి వాదించను. మానేయండి, అంతే. ఆ చుక్కలు నెలల తరబడి వేస్తే అవే ప్రెషర్ పెంచుతాయి.

చివరిగా అక్కి. నుదురు, కన్ను ఒక పక్క రెండు మూడు రోజులు భగ్గుమని మండి, ఆ తర్వాత పొక్కులు లేస్తాయి. చాలామంది నేరుగా ఎర్రమట్టితో అక్కి రాయించుకోవడానికి వెళ్తారు. వెళ్లొద్దని పోట్లాడను, పెద్దవాళ్ల నమ్మకం అది. కానీ యాంటీవైరల్ మాత్రలు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి, కాబట్టి ముందు మాత్ర వేసుకుని వెళ్లండి. కన్ను లోపల మట్టి పడకుండా చూసుకోండి. ముక్కు కొసన పొక్కు లేస్తే కంటి లోపలికీ పాకే అవకాశం ఎక్కువ, ఆ రోజే కంటి డాక్టర్‌కి చూపించండి.